వేళ్ళకు గుగ్గిలం

మొన్న శుక్రవారం మా మనవడు సురేషు వచ్చాడు. పెద్దమ్మాయి కొడుకు, డోలు వాయిస్తాడు. వాకిట్లో చెప్పులు కూడా విడవకుండానే, "తాతా, ఎల్లుండి ముత్తుకూరులో మా కచేరీ. నువ్వు, అమ్మమ్మ ముందు వరసలో కూర్చోవాల. మైకులో నీ రక్తం కథ చెప్పబోతుండా" అన్నాడు. ఆ మాటకు వంటింట్లోంచి నా భార్య రాజమ్మ నవ్వింది. యాభై అయిదేళ్ళ కాపురంలో ఆ నవ్వుకు అర్థం నాకు బాగా తెలుసు కనుక నేను దగ్గుతూ మంచినీళ్ళు అడిగాను. వాడు బల్ల మీద ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా తెరిచాడు. అందులో డోలు వాయించే చేతి అయిదు వేళ్ళకూ తొడుగులు, తెల్లగా, నున్నగా, పసిపిల్లల ఆటవస్తువుల్లాగా ఉన్నాయి. చెన్నై నుంచి తెప్పించాడంట. ఏదో బంకతో అచ్చులో పోస్తారంట. వానకు తడవవు, ఎండకు పగలవు. "ఎన్నాళ్ళొస్తాయిరా?" అంటే, "పారేసుకునేదాకా" అన్నాడు.

రక్తం కథ మా చుట్టాల్లో తెలియనివాళ్ళు లేరు. నాకు ఇరవై ఏళ్ళప్పుడు సముద్రం ఒడ్డున ఒక పట్టపు పాళెంలో, అంటే చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో, పెళ్ళికి డోలు వాయించడానికి పోయాను. ముహూర్తం వేళకు నా వేళ్ళ తొడుగులు చెడిపోయాయి. ఇంకొకడయితే చేతులెత్తేసేవాడు. నేను వట్టి వేళ్ళతో నాలుగు గంటలు వాయించాను. వేళ్ళు పగిలి, రక్తం కారి, డోలు తోలు మూత ఎర్రబడిపోయింది. పెళ్ళికూతురు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సముద్రం కూడా అలలు ఆపి విన్నది. ఇదీ కథ. సముద్రం ఆగి వినడం అన్నది ఈ మధ్య పదేళ్ళలో చేరింది. నాలుగు గంటలు మొదట్లో గంటన్నరే. ఇళ్ళలో, పెళ్ళి పందిళ్ళలో, తెలిసినవాళ్ళ మధ్య చెప్పుకున్నంతకాలం నాకేమీ బెంగ లేదు. మైకులో చెప్పి, దాన్ని ఫోన్లలో పట్టి, ఊరంతా పంపుతారంటే మాత్రం ఆ వేళ భయం పుట్టింది. అందుకే నిజం ఇక్కడ రాసి పెడుతున్నాను.

మాది తోటపల్లి గూడూరు పక్కన ఒక పల్లె. మా ఇళ్ళలో రెండు పనులు ఉండేవి. ఉదయం పూట కత్తి పెట్టె పట్టుకుని రైతుల ఇళ్ళకు పోయి క్షౌరం చెయ్యడం ఒకటి, ముహూర్తాల కాలంలో మేళం ఇంకొకటి. మా నాయన చేతిలో కత్తి బాగా నడిచేది. మా అమ్మ తమ్ముడు రమణయ్య మామ నాదస్వరం వాయించేవాడు. అత్త పోయాక మామ, కూతురు రాజమ్మ ఇద్దరే ఉండేవాళ్ళు. నేను పేరుకు మా ఇంట్లో, ఉండడం వాళ్ళ ఇంట్లో. డోలు నేర్చుకోవడానికి అని చెప్పేవాణ్ణి. అది సగం నిజం.

తాంబూలం ఇచ్చి, బయానా ఇచ్చి, ఫలానా రోజు పెళ్ళి అని ఎవరైనా చెప్పిపోయిన క్షణం నుంచి ఆ ఇంటి వాసన మారిపోయేది. మామ పెరుగు మానేసేవాడు, ఊరగాయ మానేసేవాడు, నస్యం డబ్బీ రాజమ్మ చేతికిచ్చి దాచెయ్యమనేవాడు. మూడు పూటలా మిరియాల చారే. పొద్దున్నే ఉప్పునీళ్ళు పుక్కిలించే శబ్దంతో మాకు తెల్లవారేది. ఆ తరువాత మడి గట్టు మీదికి పోయి, ఈ చివర ఊపిరి పీల్చి ఆ చివరిదాకా వదలకుండా నడిచేవాడు. నా చిన్నప్పుడు గట్టు దాటి కాలువ దాకా పోయేవాడు. నేను చెప్పబోయే ఏడాదికి గట్టు సగంలోనే ఆగి, వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకోవడం చూశాను. చూడనట్టు గడ్డివామి వెనక్కి తప్పుకున్నాను. ఆయన కూడా నన్ను చూడనట్టే ఇంటికి వచ్చినాడు.

నాదస్వరం కొసన పెట్టి ఊదే చిన్న రెల్లు ముక్కను మేము పీక అంటాం. మామ దగ్గర అవి పది పన్నెండు, దారానికి గుచ్చి దూలానికి వేలాడేవి. ఒక్కొక్కదాన్ని దింపి, నోట్లో తడిపి, ఊది, తల అడ్డంగా ఊపి మళ్ళీ కట్టేసేవాడు. నిలిచేవి రెండో మూడో. వాయించే రోజు తెల్లవారుజాము నుంచి ఎంచుకున్న పీక ఆయన బుగ్గలో ఉండాల్సిందే. అది నానుతూ మెత్తబడుతూ సాయంత్రం దాకా అక్కడే. కాబట్టి ఆ రోజు మామ మాట్లాడడు. పీకతోనే పలికేవాడు. ఒకసారి 'కుయ్' అంటే అవును. రెండుసార్లు అంటే కాదు. మూడు అంటే రాజమ్మా, చారు. కోపం వస్తే ఒకటే పొడుగ్గా లాగేవాడు, పెరట్లో కోళ్ళు బెదిరి గోడ ఎక్కేవి.

డోలు పని నాది. తోలు వారులు వదులు చేసి, మళ్ళీ బిగించి, రెండు మూతలనూ పసిబిడ్డను తిప్పినట్టు ఎండకు ఇటొకసారి అటొకసారి తిప్పేవాణ్ణి. ఎడమ చేతిలో గంగరావి పుల్ల ఉంటుంది, దానితో ఇబ్బంది లేదు. కుడి పక్క మూత మహా బిగువు. దాన్ని వట్టి వేళ్ళతో కొడితే శబ్దం రాదు, గోళ్ళు ఊడతాయి. అందుకని వేలి కొసలకు గట్టి తొడుగులు పెట్టుకుంటాం. ఈ కాలంలో లాగా అప్పుడు అవి ఎక్కడా అమ్మేవాళ్ళు కాదు. ప్రతి బేరానికీ కొత్తగా, ఎవరి వేళ్ళ మీద వాళ్ళే చేసుకోవాలి. రాజమ్మ పాతబియ్యం అన్నం మెత్తగా వండి, రోట్లో వేసి బంకలాగా నూరేది. మామ పంచెల్లో బాగా నలిగినదాన్ని పేలికలుగా చింపేది. ఆ పేలికను బంకలో ముంచి, వేలి చుట్టూ పొరలు పొరలుగా చుట్టి, అరుగు మీద చెయ్యి చాపి ఎండలో కూర్చోవాలి. ఒక జాము కదలకూడదు. ఈగ వాలినా, వీపు దురద పెట్టినా భరించాలి.

"బావా, ఉప్పుచేపలు ఆరేసినట్టుంది నీ చెయ్యి. కాకులు ఎత్తకపోతాయి, చూసుకో" అనేది రాజమ్మ, జడ వెనక్కి వేసుకుంటూ.

"నువ్వు కాపలా కూర్చోరాదూ?"

"నాకు పని లేదా? అన్నం నూరింది నేను, గుడ్డ చింపింది నేను, చెయ్యి చాపుకోని కూర్చునేది నువ్వు. రేపు పందిట్లో శాలువా నీకు!"

ఇట్లా ఉండగా మా మేళంలో ముందు డోలు వాయించే కోటయ్య మద్రాసు వైపు ఒక పెద్ద మేళంలో చేరిపోయినాడు. నేను అప్పటికి రెండో డోలు. అంటే కోటయ్య అలిసిపోయినప్పుడు నాలుగు దెబ్బలు వెయ్యడం. ఆ వారంలోనే సముద్రపు ఒడ్డున ఒక పాళెం నుంచి తాంబూలం వచ్చింది, ఆ పాళెం కాపు ఇంట పెళ్ళి. కాపు అంటే వాళ్ళ ఊరి పెద్ద. ఆ పెళ్ళి బాగా జరిగితే ఒడ్డు వెంబడి పాళేలన్నీ మావే అని మామ ఆశ. ఆయన నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టినాడు.

"ఒరే పెంచలయ్యా, నేను వాయించగలిగిన ఏళ్ళు ఇంక ఎన్నో లేవు. పక్కన నిలబడే డోలు సరిగ్గా ఉంటే నాలుగేళ్ళు వాయిస్తాను, లేకుంటే ఒకటే. ఈ పెళ్ళిలో నిలిచినావంటే ముందు డోలు నీదే. లేదా, నెల్లూరు నుంచి ఇంకొకణ్ణి తెచ్చుకుంటాను. నువ్వు కత్తి పెట్టె తీసుకోని మీ నాయన ఎనకాల తిరుగు. అదీ మంచి పనే, తప్పు లేదు. కానీ రెండిట్లో ఏదో ఒకటి తేలాల."

"నేను నిలుస్తాను మామా."

"నిలిచేది కాళ్ళు కాదురా, చెవులు. నువ్వు కొడతావు. వినవు."

ఆ రోజుల్లో నెల్లూరు జిల్లా మొత్తంలో నా అంత వేగంగా డోలు వాయించేవాడు లేడు. సరే, మా వీధిలో లేడు. ఇంకో డోలు కూడా లేదనుకోండి ఆ వీధిలో. ఆ వేగమే నా గొప్ప అనుకునేవాణ్ణి. మామ ఊపిరి ఎక్కడ తెగుతున్నదో నాకు పట్టేది కాదు. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట కూడా నేను పరిగెత్తేవాణ్ణి, ఆయన అందుకోలేక తడబడితే ముసలాయనకు లయ తప్పుతోంది అనుకునేవాణ్ణి.

ఇంక బెల్లం సంగతి. ఆ నెలలో మా వీధి చివర బడి గోడ కడుతున్నారు. బేల్దారి మేస్త్రి సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలుపుతుంటే చూశాను. ఎందుకంటే, "రాయి అవుతుంది అబ్బయా. ఇంక పగలగొట్టాలంటే గునపం కావాల" అన్నాడు. అంతే, నా బుర్రలో దీపం వెలిగింది. ఇన్ని తరాలుగా మా వాళ్ళకు తట్టని తెలివి నాకు తట్టిందని పొంగిపోయాను. రాజమ్మ రోటి దగ్గర నుంచి లేచిపోగానే ఉట్టిలోంచి బెల్లం ముక్క తీసి, కరిగించి, అన్నం బంకలో కలిపేశాను. ఎండిన తొడుగులు అబ్బా, అద్దంలాగా మెరిశాయి! అరుగు మీద కొడితే టంగుమన్నాయి. మామ ఒకటి వేలితో తట్టి చూసి, కనుబొమ్మలు ఎత్తి, లోపలికి పోయినాడు. అది మెచ్చుకోలనుకున్నాను.

"ఉట్టిలో బెల్లం తగ్గింది బావా" అంది రాజమ్మ ఆ సాయంత్రం.

"ఎలకలు."

"మన ఇంట్లో ఎలకలకు మీసాలొస్తుండాయే ఈ మధ్య" అని నా మొహం కేసి చూసి పోయింది.

పెళ్ళికి ముందు రోజు బండి కట్టుకుని ఉప్పుకాలువ దాకా, అక్కణ్ణించి పడవలో, దిగినాక ఇసకలో నడక. డోలును కంబళిలో చుట్టి భుజాన మోశాను. తొడుగులు మామ పాత వక్కాకు రేకు డబ్బాలో పెట్టి మూత వేశాను. పొద్దు గూకే వేళకు పాళెం చేరాం. కాపు గారు పెద్ద మనిషి, కూర్చోవడానికి చాపలు పరిపించి, "రాండి సామీ, ముహూర్తం రేపు పొద్దెక్కినాక పదింటికి. మా అమ్మి పెండ్లి మోత మూడు పాళేలకు వినపడాల" అన్నాడు. "మీకు ఆ భయం వద్దు" అన్నాను నేనే, మామ కంటే ముందు.

తెల్లవారి, స్నానం చేసి, నుదుట విబూది పెట్టుకుని, డబ్బా తెరిచాను. మూత సందులోంచి ఎర్ర చీమలు బారు కట్టి పెళ్ళివారిలాగే వస్తున్నాయి, పోతున్నాయి. లోపల తొడుగులు లేవు. తొడుగుల లాంటివి ఉన్నాయి. రాత్రంతా ఉప్పు గాలికి బెల్లం చెమ్మగిల్లి, గుడ్డ మెత్తబడి, అయిదూ ఒకదానికొకటి అంటుకుని, నానిన అరిసెల్లాగా అయ్యాయి. వేలితో నొక్కితే లోపలికి పోయింది. తీస్తే పాకం సాగింది.

ఇప్పుడు చెప్పబోయేది ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. రాజమ్మకు కూడా ఈ కాగితం చదివితేనే తెలుస్తుంది. నేను ధైర్యంగా వట్టి వేళ్ళు ముందుకు చాపలేదు. డబ్బా చంకలో పెట్టుకుని పారిపోయాను. పాళేనికి ఉత్తరంగా సరుగుడు తోపు ఉంది, దాన్ని దాటితే ఉప్పుకాలువ, పడవ. మా నాయన దగ్గరికి పోయి కత్తి పెట్టె పట్టుకుంటే ఈ జన్మకు చాలనుకున్నాను. మామ పక్కన డోలు లేకుండా ఎట్లా వాయిస్తాడన్న ఆలోచన వచ్చింది, రాలేదని కాదు. వచ్చినా కాళ్ళు ఆగలేదు.

తోపు నీడలో ఒక పడవ బోర్లించి ఉంది. దాని పక్కన మూడు రాళ్ళ పొయ్యి, పొయ్యి మీద నల్లటి మూకుడు. ఒక ముసలాయన పడవ చెక్కల సందుల్లో దూది కూరుతున్నాడు. పేరు పోలయ్య, పెళ్ళికూతురికి తాత అని తరువాత తెలిసింది.

"ఏందబ్బయా, ఆ మొగమేంది? పెండ్లి నీదా ఏంది?" అన్నాడు.

"నీ మనవరాలి పెండ్లి పెట్టుకోని నువ్వు ఈడ పని చేస్తుండావేంది తాతా?"

"ఇంట్లో ఉంటే కొత్త పంచ కట్టమంటారు. గరగరలాడతది. నీ సంగతి చెప్పు."

చెప్పేలోగా వెనక నుంచి వినపడింది, దూడను పిలిచినట్టు. కుయ్. కాసేపాగి, కుయ్. సరుగుడు చెట్ల మధ్యలో నుంచి మామ వస్తున్నాడు, జరీ ఉత్తరీయం భుజాన, పీక బుగ్గలో, చెట్టు చెట్టు చాటుకూ తొంగి చూస్తూ. నా ముందుకొచ్చి నిలబడి చెయ్యి చాపాడు. డబ్బా ఇచ్చాను.

"ఉప్పు గాలి మామా. గాలికి మెత్తబడినాయి" అన్నాను.

మామ ఒక తొడుగు తీసి, అటూ ఇటూ తిప్పి, పీకను ఒక బుగ్గలోంచి రెండో బుగ్గలోకి నెట్టి, నాలుకతో రుచి చూశాడు. నా కళ్ళలోకి చూసి రెండుసార్లు ఊదాడు. కుయ్, కుయ్. తరువాత ఒకటి పొడుగ్గా లాగాడు. తోపులో కొంగలు లేచిపోయాయి.

పోలయ్య తాత జాలిగా చూసి, "పాపం, మాటలు రావా ఈయనకు?" అన్నాడు.

"వస్తాయి తాతా. ఇప్పుడు రాకపోవడమే నా అదృష్టం" అన్నాను. జరిగిందంతా చెప్పాను, బెల్లంతో సహా. ఆయన పొట్ట పట్టుకుని నవ్వినాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, నా కుడి చెయ్యి తీసుకుని చూసినాడు. వల అల్లే నూలు దారం ఉండ తీసి, నా వేలి కొసకు బొంగరానికి తాడు చుట్టినట్టు బిగించి చుట్టినాడు. పొయ్యి మీద మూకుట్లో ఉన్నది నూనె పోసి కాచిన గుగ్గిలం. పడవ సందుల్లో నీళ్ళు రాకుండా పూసేది. దించి, చెయ్యి పెట్టగలిగినంత వేడికి ఆరనిచ్చి, పుల్లతో తీసి నా వేళ్ళకు పూసినాడు.

"ఇది పెద్ద పడవనే సముద్రంలో కాస్తది. నీ వేలు ఏపాటిది? ఊదుకో."

నేను ఊదుకున్నాను. మామ కూడా పక్కన కూర్చుని, పీక చేతిలోకి తీసి నా వేళ్ళ మీద ఊదాడు. వాయించే రోజున, వాయించడానికో తినడానికో తప్ప, ఆయన నోట్లోంచి పీక బయటికి తియ్యడం ఆ ఒక్కసారే చూశాను. తిట్టడానికి తీశాడేమో అని తల వంచుకున్నాను. తిట్టలేదు. మడి గట్టు మీద దాచుకునే ఆ ఊపిరిని నా వేళ్ళ మీద ఖర్చు పెట్టాడు. కాసేపటికి గుగ్గిలం బిగుసుకుంది. నల్లగా, బరువుగా, ఎలుగుబంటి గోళ్ళలాగా అయిదు వేళ్ళు.

పందిట్లో మొదటి దెబ్బ వేసేసరికి నేనే ఉలిక్కిపడ్డాను. రాయి మీద రాయి పడ్డట్టుంది. నాదస్వరం వినపడలేదు. మామ ఓరకంట చూశాడు. వేగంగా పోదామంటే వేళ్ళు లేవవు, ఒక్కొక్కటీ ఒక్కొక్క శేరు బరువు. గొప్పగా చెప్పుకునేటప్పుడు ఇక్కడ నేను 'అప్పుడు నాకు జ్ఞానోదయమైంది' అంటుంటాను. అదేమీ లేదు. చెయ్యి నొప్పి పుట్టింది, అందుకని తక్కువ కొట్టాను. నాలుగు దెబ్బలు వేసే చోట ఒకటి వేశాను, మిగిలిన మూటికీ చెయ్యి ఎత్తి ఉంచాను. ఆ ఖాళీలో ఏం చెయ్యాలో తోచక, మామ వాయిస్తున్నది విన్నాను. ఆయన పక్కన నిలబడడం మొదలుపెట్టిన ఆరేళ్ళకు మొదటిసారి విన్నాను. మోహన రాగం ఎత్తుకున్నాడు. పైకి పోయి, అక్కడ నిలిచి, ఇంక ఊపిరి చాలని చోట మెల్లగా జారుతున్నాడు. ఆ జారే చోట నా దెబ్బ పడింది. ఆయన ఊపిరి తీసుకున్నాడు. ఊపిరి తీసుకున్నట్టు ఎవరికీ తెలియలేదు, నా డోలు మాట్లాడుతోంది కనుక. తీసుకుని మళ్ళీ పైకి పోయాడు, ఇంకొక మెట్టు. నేను చెయ్యి ఎత్తాను. అట్లా మడి గట్టు సగంలో ఆగిపోయే మనిషి ఆ పొద్దు కాలువ దాటి అవతలి చేలల్లోకి పోయాడు.

మాంగల్యధారణ వేళ గట్టిమేళం. ఆ క్షణంలో తుమ్ములు, అపశకునపు మాటలు ఎవరి చెవినా పడకూడదని మేళం చెవులు చిల్లులు పడేట్టు మోగాలి. అప్పుడు మాత్రం ఆ గుగ్గిలం వేళ్ళను వదిలిపెట్టాను. పడవ వచ్చి రేవుకు గుద్దుకున్నట్టు మోగింది. "అదీ దెబ్బ!" అని కొత్త పంచ గరగరలాడించుకుంటూ పోలయ్య తాత గుంపులోంచి అరిచినాడు. మూడు పాళేలకు వినపడిందో లేదో కానీ, పందిట్లో పిల్లలందరూ ఒక్కసారిగా ఏడ్చారు. పెళ్ళికూతురు కళ్ళనీళ్ళు పెట్టుకున్న మాట నిజమే. అయినా తాళి కట్టించుకుంటూ కళ్ళనీళ్ళు పెట్టుకోని పెళ్ళికూతుర్ని నేను చూడలేదు.

ఇంక రక్తం. భోజనాలయ్యాక తొడుగులు లాగితే రాలేదు. కొబ్బరినూనె పోశాం, వేడినీళ్ళలో ముంచాం. పడవను కాచేది వేలినేం వదులుతుంది? సాయంత్రం ఊరేగింపు ఉంది, అప్పటిదాకా ఉంచుకుందామంటే వేళ్ళు తిమ్మిరెక్కాయి. అప్పుడు మామ తన సంచిలో చెయ్యి పెట్టి, నేను పొద్దున దేని దగ్గరికి పారిపోదామనుకున్నానో అలాంటిదే ఒక కత్తి పెట్టె తీశాడు. ఎక్కడికి పోయినా అది ఆయన సంచిలో ఉండేది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఊరేగింపు కోసం పీక మళ్ళీ బుగ్గలో పెట్టుకుని, ఒక్కొక్క తొడుగునూ నిలువునా చీల్చి ఒలిచాడు. నాలుగు వేళ్ళు చక్కగా వచ్చాయి. చూపుడు వేలి దగ్గర నేను కదిలాను. రెండు చుక్కలు. ఒకటి ఇసకలో పడింది, ఒకటి డోలు మూత మీద. అదీ జిల్లా అంతా పాకిన రక్తం. సాయంత్రానికి వేళ్ళకు కొత్త దారం చుట్టి, ఈసారి గుగ్గిలం పలచగా పూయించుకున్నాను.

దానికి ముందే, వేలికి పసుపు అద్దుతున్న మామను అడిగాను. "మామా, నెల్లూరు నుంచి ఇంకొకణ్ణి పిలిపిస్తావా?"

ఆయన తల ఎత్తలేదు. పసుపు అద్దడం అయ్యాక, గుడ్డ చుట్టి ముడి వేశాక, కుయ్, కుయ్ అన్నాడు.

నాకు ఇంకా ధైర్యం చాలలేదు. "అయితే ముందు డోలు నాదేనా?"

కుయ్.

ఒకటే. నేను ఇంకోటి వస్తుందేమోనని చాలాసేపు చూశాను. రాలేదు. ఆ తరువాత పద్నాలుగేళ్ళు ఆయన పక్కన నిలబడ్డాను. ఉట్టిలో బెల్లం అడిగి తీసుకునే హక్కు కూడా ఆ మరుసటేడే వచ్చింది, రాజమ్మతో పాటు.

ఈ కాగితాలు సురేషుకు చదివి వినిపించాను. వాడు మెరిసే తొడుగులు పెట్టుకుని కుర్చీ చేతి మీద కొడుతూ విన్నాడు. మా రోజుల్లో ఒక బేరానికి మూడు రోజుల తయారీ, మీకు డబ్బా మూత తీయడమే తయారీ, ఆ మిగిలిన మూడు రోజులూ ఏం చేస్తున్నార్రా అని ఎత్తిపొడిచాను. "మీ నాదస్వరం అమ్మాయి ఊపిరి ఎక్కడ తీసుకుంటదో ఎప్పుడైనా విన్నావా?" అన్నాను. వాళ్ళ మేళంలో నాదస్వరం ఒక ఆడపిల్ల వాయిస్తుంది. మామ చూసి ఉంటే పొంగిపోయేవాడు. వాడు జేబులోంచి ఫోను తీసి, తీగలు నా చెవుల్లో పెట్టాడు. ఆ పిల్ల సాధన, డోలు లేకుండా, ఒంటిగా. నెల రోజుల నుంచి బస్సులో వస్తూ పోతూ వింటున్నాడంట. రాగం జారే చోట వాడి వేలు నా మోకాలి మీద మెత్తగా తట్టింది. తరువాత ఆగింది. ఆమె ఊపిరి తీసుకునే చప్పుడు నా చెవిలో స్పష్టంగా వినపడింది. ఆరేళ్ళు, కాసిని చీమలు, ఒక పడవకు పూసే గుగ్గిలం అవసరమయ్యాయి నాకు ఆ ఒక్క సంగతి తెలియడానికి. వీడు బస్సులో నేర్చుకున్నాడు.

వక్కాకు డబ్బా అడుగున ఒక నల్ల తొడుగు ఇంకా ఉంది, నిలువునా చీలికతో. అది వాడికిచ్చాను. వాడి వేలికి పట్టలేదు, చాతీ జేబులో వేసుకున్నాడు.

ముత్తుకూరు పోయాం. మైకులో వాడు రక్తం మాట ఎత్తలేదు, బెల్లం మాట చెప్పాడు. జనం నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నా పక్క కుర్చీలో ఉన్న మనిషి. నేనూ తల పైకెత్తుకునే కూర్చున్నాను. కచేరీ అయ్యేసరికి హాలు హాలంతా లేచి నిలబడింది. సరే, భోజనాలకు పిలిచారనుకోండి. అయినా నాలుగు చోట్ల వాడు చెయ్యి ఎత్తి ఉంచడం, ఆ పిల్ల ఊపిరి తీసుకుని పైకి పోవడం నేను చూశాను. చూసినవాళ్ళు ఆ హాలులో నేను కాక ఇంకెవరైనా ఉన్నారేమో తెలియదు.

వాడు మెట్లు దిగి, చెమట తుడుచుకుంటూ నా దగ్గరికే వచ్చాడు. "తాతా, ఎట్టుండింది?" అన్నాడు. అడగడం నవ్వుతూ అడిగాడు కానీ, ఆ కళ్ళు నాకు తెలుసు. ఒకప్పుడు ఇసకలో కూర్చుని, వేలికి పసుపు గుడ్డతో, నేను చూసిన చూపే. నా నోటినిండా తాంబూలం ఉంది, మాట్లాడితే వాడి పట్టు చొక్కా పాడవుతుంది. అందుకని పెదవులు బిగించి, బుగ్గ లోపలికి లాగి, పళ్ళు లేని సందులోంచి ఊదాను.

కుయ్.

వాడు కదలకుండా నిలబడి, ఇంకోటి వస్తుందేమోనని చూశాడు.